మనవాడే, చేసిపెడతాడు

పాడి గేదెను కొనేవాడు రెండు పూటలూ దగ్గరుండి పాలు పితికించి చూసుకుంటాడు. పళ్ళు లెక్కపెడతాడు, అమ్మేవాడికి తెలియకుండా ఆ ఊళ్ళో నలుగురినీ వాకబు చేస్తాడు. అయిదు సెంట్ల స్థలం కొనాలంటే ముప్ఫై ఏళ్ళ ఈసీ తీయిస్తాడు, లింకు డాక్యుమెంట్లు ప్లీడరుకు చూపిస్తాడు, ఎందుకైనా మంచిదని సర్వేయరు చేత గొలుసు కూడా పట్టిస్తాడు. ఇంతటి జాగ్రత్తపరుడూ తన దుకాణానికి వెబ్‌సైట్ చేయించుకునే రోజున అడిగే ప్రశ్న ఒక్కటే: "మనవాళ్ళలో ఎవరైనా ఉన్నారా?"

మనవాళ్ళంటే ఎవరో తెలుగువాడికి విడమరిచి చెప్పనక్కరలేదు. ఉంటారు. ఎప్పుడూ ఉంటారు. మా పిన్నికి దొరికిన మనవాడు, బాబాయి మేనల్లుడితో హైదరాబాదులో ఎనిమిది నెలలు ఒకే గదిలో ఉన్న కుర్రాడు. రక్తసంబంధం కన్నా గట్టిది కదా, కాదనేదెవరు?

పిన్నిది ఆత్రేయపురంలో పూతరేకుల వ్యాపారం. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చిందన్న వార్త చదివిన నాటి నుంచి బాబాయికి నిద్ర పట్టలేదు. ఆయన తొందరపాటు మనిషి కాదు, మరో ఇద్దరిని కూడా విచారించాడు. విజయవాడ నుంచి వచ్చినాయన ఇరవై పేజీల రంగుల పుస్తకం చేతిలో పెట్టి లక్షన్నర అడిగాడు. రాజమండ్రి నుంచి వచ్చిన అమ్మాయి ధర చెప్పకుండా ప్రశ్నలు వేసింది. ఎక్కువ కొనేది ఎవరు, పెళ్ళిళ్ళవాళ్ళా, అమెరికా వెళ్ళేవాళ్ళా? ఫోన్ చేసినవాళ్ళు ముందుగా ఏమి అడుగుతారు? ఫోటోలు తీయడానికి పొయ్యి వెలిగించే వేళకు రావచ్చా? సైటు పేరు, అంటే ఇంటర్నెట్‌లో దుకాణం చిరునామా, పిన్ని ఈమెయిల్‌తో, పిన్ని పేరున, పిన్ని చేతి డబ్బుతో కొనాలని కూడా చెప్పింది. ఆమె వెళ్ళాక బాబాయి తీర్పు చెప్పాడు: "ఇన్ని అడుగుతోందంటే పని రాదన్నమాట." మనవాడు ఒక్క ప్రశ్నా వేయలేదు. ఎనిమిది వేలు అన్నాడు. గూగుల్‌లో మొదటి స్థానం గ్యారంటీ అని కూడా అన్నాడు. అలాంటి గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరని గూగులే రాసిపెట్టింది, కానీ గూగుల్ మనవాడు కాదు కదా.

ఇరవై రోజులకు లాప్‌టాప్ పట్టుకుని ఊళ్ళోకి దిగాడు. ఆ సాయంత్రం నేనూ అక్కడే ఉన్నాను, నా అదృష్టం. పిన్ని చేతులు తుడుచుకుని వచ్చి కళ్ళజోడు పెట్టుకుంది. తెర మీద కోట్లు తొడిగిన ఇద్దరు తెల్లదొరలు కరచాలనం చేసుకుంటున్నారు. వెనక అద్దాల మేడ.

"వీళ్ళెవరు బాబూ?"

"స్టాకు ఫోటో అండి."

"మన స్టాకు పూతరేకులు కదా?"

కుర్రాడు పెద్దమనసుతో నవ్వాడు. స్టాకు ఫోటో అంటే ఎవరి సైటులోనైనా అతికించుకోవడానికి ముందే తీసిపెట్టిన బొమ్మ. ఈలోగా దొరలు పక్కకు జరిగిపోయి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకున్న బంగారు జుట్టు అమ్మాయి ప్రత్యక్షమైంది. ఈవిడ ఎవరని పిన్ని అడిగింది. కస్టమర్ సపోర్టు అని జవాబు. "మన దగ్గరే చేస్తోందా? జీతం ఎవరిస్తున్నారు?" అని పిన్ని బాబాయి వైపు తిరిగింది. బాబాయి దగ్గాడు. మూడో బొమ్మలో కాఫీ కప్పు, నోటు పుస్తకం, బుల్లి కుండీలో బ్రహ్మజెముడు మొక్క. గోదావరి గట్టు మీద నేతి మిఠాయి అమ్మే దుకాణానికి బ్రహ్మజెముడు ఎందుకో నాకిప్పటికీ తెలియదు. "ప్రొఫెషనల్‌గా ఉంటుందండి" అన్నాడు. 'మా బృందం' అన్నచోట నలుగురు ఉన్నారు. నలుగురూ గడ్డాలవాళ్ళే. ముప్ఫై ఏళ్ళుగా ఆ ఇంట్లో రేకులు తీస్తున్నది అయిదుగురు ఆడవాళ్ళు.

'మా గురించి' నొక్కాడు. లోరెమ్ ఇప్సమ్ డోలర్ సిట్ అమెట్ అంటూ నాలుగు పేరాలు. ఇదేమి భాష అని పిన్ని అడిగితే "ఇంగ్లీషేనండి" అన్నాడు, తొణక్కుండా. అది లాటిన్, అదీ విరిగిన లాటిన్. క్రీ.పూ. 45లో రోమన్ వక్త సిసెరో రాసిన తత్త్వగ్రంథాన్ని ముక్కలు చేసి, అసలు రాత వచ్చేదాకా జాగా నింపడానికి అచ్చుపనివాళ్ళు వాడుకున్న పాఠం. అందులో 'డొలోరెమ్' అనే మాటకు తల నరికితే మిగిలింది 'లోరెమ్'. డొలోరెమ్ అంటే నొప్పి. మా పిన్ని చేతిపని గురించి ఆర్నెల్లపాటు లోకానికి తెలియజేసిన సమాచారం మొత్తం ఇదీ: తల తెగిన నొప్పి.

కనీసం ఒక్క పేజీ తెలుగులో పెట్టమన్నాను. డీటీపీ ఆపరేటర్ అచ్చు కోసం 'అను' అనే పాతకాలపు ఫాంట్లలో కొట్టిన కరపత్రం ఉంటే దాన్నే తెచ్చి అతికించాడు. తెర నిండా గీతలు, డాలర్లు, పిచ్చి గుర్తులు. "తెలుగు వెబ్‌సైట్లలో రాదండి" అన్నాడు. లోకంలోని భాషల అక్షరాలన్నిటికీ కంప్యూటర్లలో చోటిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచీ చోటుంది. అప్పటికి ఈ మహానుభావుడు పుట్టి ఉండడు. రాకపోవడానికి అది చుట్టాలింటి పెళ్ళా?

సైటంతా సొంతంగా రాశానని కూడా చెప్పుకున్నాడు. తీరా చూస్తే అది వర్డ్‌ప్రెస్, సైట్లు కట్టుకోవడానికి 2003 నుంచీ లోకానికి ఉచితంగా దొరుకుతున్న సాఫ్ట్‌వేర్. ఉచితమైనది వాడటం తప్పు కాదు, కుండ ఊరందరిదీ ఒకలాంటిదే, తేడా చేతిలో ఉంటుంది. ఆ చేతినే ఎక్కడా చూపించలేదు. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట. పల్చని బియ్యప్పిండి జారులో ముంచిన గుడ్డను కుండ మీదుగా ఒక్క విసురున లాగుతుంది పిన్ని. గుడ్డ దాటిన వెంటనే వెనకాల తెల్లటి పొర తేరుతుంది. అంచును గోటితో లేపి, చిరగకుండా, ఊపిరి కూడా తగలనివ్వకుండా ఎత్తుతుంది. ఆ వేడికి ఆవిడ ముంజేతి వెంట్రుకలు ఏనాడో కాలిపోయాయి. ఈ ఒక్క ఫోటో, పక్కన ఫోన్ నంబరు చాలు. బెల్లంవా పంచదారవా, పెట్టె ఎంత, ఎన్నాళ్ళు నిలవుంటాయి, కొరియర్ ఎన్నాళ్ళకు చేరుతుంది? కొనేవాడు అడిగేది ఇంతే. ఇందులో ఒక్కటీ లేదు. ఒక ఫారం ఉంది. నింపి నొక్కితే కుర్రాడి మెయిలుకు వెళుతుంది.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు, నేనూ నవ్వాను. మరుసటి దసరాకు సైటు పేరు రెన్యువల్ అంటూ మూడు వేలు తీసుకున్నాడు, పిన్ని ఫోన్‌పేలో పంపింది. కట్టలేదు. ఆ పేరు నిలుపుకోవడానికి ఏడాదికి అయ్యేది వెయ్యి, పదిహేను వందలు. గడువు దాటాక కూడా కొన్ని వారాలు వ్యవధి ఉంటుంది. హెచ్చరిక మెయిళ్ళు వరసగా వస్తాయి. వచ్చాయి, వాడికే, ఎందుకంటే పేరు కొన్నది వాడి మెయిలుతో, వాడి పేరున. బాబాయి చేసిన ఫోన్లు వాడు ఎత్తలేదు. పేరు బజారున పడింది, ఎవరో ఎగరేసుకుపోయారు. ఆ సంక్రాంతికి డాలస్ నుంచి పాత ఖాతాదారు ఫోన్ చేసి, "మీ సైటు తెరిస్తే పేకాట వస్తోందండి, వ్యాపారం మార్చారా?" అని అడిగాడు. ముప్ఫై ఏళ్ళు పొగలో కళ్ళు కాల్చుకుని సంపాదించుకున్న పేరది! మా అమ్మమ్మ పేరది! దాని మీద రమ్మీ ముక్కలు పరిచి పందెం కాయమంటున్నారు. దీన్ని పొరపాటు అనకండి, తొందర్లో మరిచిపోయాడనీ అనకండి. ఒకరి పొలాన్ని తన పేరున రాయించుకుని, శిస్తు డబ్బులు కూడా తినేసినవాణ్ని మా ఊళ్ళో ఏమంటారో ఇక్కడ రాస్తే సంపాదకులు కొట్టేస్తారు. ముప్ఫై ఏళ్ళ ఈసీ తీయించే పెద్దమనిషి బాబాయి, "ఎవరి పేరున?" అన్న రెండు మాటలు అడగలేకపోయాడు. మనవాణ్ని అడిగితే బాగుండదట.

పోయిన నెల ఇంకొక కుర్రాడు వచ్చాడు. వియ్యపురాలి వైపు. పిన్ని కుర్చీ వేసి, నేతి పూతరేకులు రెండు పళ్ళెంలో పెట్టి అతని ముందుకు జరిపింది. కొంగు దోపుకుంటూ అడిగింది:

"సైటు పేరు ఎవరి పేరున తీసుకుంటావు బాబూ?"

"నా పేరునే తీసుకుంటానండి పిన్నిగారూ. మీకెందుకు ఆ తలనొప్పి?"

పిన్ని ఏమీ అనలేదు. పళ్ళెం వెనక్కి లాక్కుంది.