మూడు రోజుల రేసు టికెట్టు గారికి, మా డాబా మీద నుంచి

అయ్యా టికెట్టు గారూ,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను గానీ, మీ కుశలానికి వచ్చిన లోటేమీ లేదని మీ రేటు చూస్తేనే తెలుస్తోంది, ఇక నా కుశలం సంగతి కింద వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి. చదివేటప్పుడు దయచేసి పేజీ రిఫ్రెష్ చేయకండి. చేస్తే మళ్లీ మొదటికొస్తారు.

మాది అంబాజీపేట దగ్గర ఒక పల్లె. ఎకరంన్నర కొబ్బరి తోట, ఇంటర్ చదివే కూతురు, అబుదాబిలో బస్సు తోలే బావ, ఇవీ నా ఆస్తులు. నాకు కార్ల రేసు పిచ్చి. 2011లో గ్రేటర్ నోయిడాలో మన దేశపు మొదటి ఫార్ములా వన్ రేసు జరిగినప్పుడు పట్టుకుంది, ఆ రేసు మూడేళ్లకే ఆగిపోయింది గానీ నా పిచ్చి ఆగలేదు. మా అమ్మాయికి పాటల పిచ్చి. దానికి ఇష్టమైన గాయకుడెవరో ఈసారి అబుదాబి రేసు రాత్రుల్లో ఒక రాత్రి పాడతాడట, పేరు నాకు నోరు తిరగలేదు. "రేసు టికెట్టు కొంటే పాట ఉచితం నాన్నా" అంది. ఒకే దెబ్బకి రెండు పిట్టలు, ఉండటానికి ఎలాగూ బావ ఉన్నాడు అనుకున్నాను. మా ఆవిడ మాత్రం "ఉచితం అన్నారంటే చూసుకోండి" అని లోపలికెళ్లిపోయింది.

మీరు అమ్మకానికి వచ్చింది అక్కడి టైము పన్నెండింటికి, అంటే మాకు మిట్టమధ్యాహ్నం ఒకటిన్నరకి. కింద ఇంట్లో సిగ్నల్ ఒక గీతే వస్తుంది, చుట్టూ చెట్లు కదా. అందుకని డాబా ఎక్కాను. డాబా మీద కొబ్బరి చిప్పలు ఎండేసి ఉన్నాయి. ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో కాకుల్ని తోలే కర్ర, నీళ్ల ట్యాంకు నీడలో ఒంటికాలి మీద నేను. ఫోన్లో మీ తరఫున ఒక బొమ్మ మనిషి గీత మీద నడుస్తున్నాడు. ఆయన కింద "మీ ముందు 18,412 మంది ఉన్నారు" అని రాసుంది. ఇంతమంది డాబాలెక్కి నిలబడ్డారా అని ముందు భయమేసింది, తర్వాత ఎందుకో కాస్త ధైర్యం కూడా వచ్చింది. ఆ బొమ్మ మనిషి ఎంత నింపాదిగా నడిచాడంటే, మా ఊరి లాకుల దగ్గర నీళ్ల వంతు కోసం కూర్చునే పెద్దాయన కూడా ఇంతకన్నా తొందరపడతాడండీ. ఈలోగా ఒక కాకి చిప్ప పట్టుకుపోయింది. తోలదామంటే వేలు తెర మీద నుంచి తీయాలి, తీస్తే లైను పోతుందేమోనని భయం. రెండో చిప్పా పోయింది. మీ మూలాన నేను పోగొట్టుకున్న మొదటి సొమ్ము అదే, లెక్కలో రాసుకోండి.

గంటా ఇరవై నిమిషాలకి తలుపు తీశారు. లోపల చూస్తే స్టాండ్లు, మెయిన్ అనీ నార్త్ అనీ సౌత్ అనీ వెస్ట్ అనీ మెరీనా అనీ. అన్నిటికన్నా తక్కువది హిల్. అంటే గడ్డి దిబ్బ మీద కూర్చుని చూడటం. ఎడారిలో దిబ్బ పోసి, గడ్డి పెంచి, దానికి టికెట్టు పెట్టారా అని మీ తెలివికి దణ్ణం పెట్టాను, ఎందుకంటే మా దగ్గర గోదావరి గట్టు మీద కూర్చోవడానికి ఇంకా ఎవరూ చీటీ చింపడం లేదు, మీ సంగతి మావాళ్లకి తెలియనివ్వకండి. నేను ఏ రేటునైనా దింపుల్లో లెక్కేసుకుంటాను, అంటే తోటలో ఒకసారి కాయ దింపితే వచ్చే డబ్బు. ఇద్దరికి గడ్డి దిబ్బ ఎన్ని దింపులైందో ఇక్కడ రాస్తే మా ఆవిడ చదువుతుంది.

తర్వాత ఎనిమిది నిమిషాల టైమర్ పెట్టారు. పేరు, పాస్‌పోర్టులో ఉన్నట్టు. అమ్మాయి పేరు, పాస్‌పోర్టులో ఉన్నట్టు. కార్డు నంబరు. ఓటీపీ కోసం ఎదురుచూపు. ఫోను పైకెత్తాను, తూర్పుకి తిప్పాను, పిట్టగోడ మీదికి ఎక్కాను. "నాన్నా, దిగు!" అని కింద నుంచి అమ్మాయి. ఓటీపీ వచ్చింది, కొట్టాను, బ్యాంకు నుంచి డబ్బు కట్ అయినట్టు మెసేజ్ వచ్చింది, టైమర్ సున్నా అయింది, "మీ సెషన్ ముగిసింది" అన్నారు. డబ్బు వెళ్లింది. మీరు రాలేదు.

సరే, అది టెక్నికల్ అంటారు, వదిలేద్దాం. నా అసలు గొడవ ఆ ఉచితం అన్న మాట గురించి.

మా సంతలో కూరగాయలు కొంటే చివర్లో రెండు కొత్తిమీర రెబ్బలో, గుప్పెడు పచ్చిమిరపకాయలో పడేస్తారు, దాన్ని కొసరు అంటాం. కొసరుకి ఒక ధర్మం ఉంది. దాని ఖరీదు అసలు మీద వేయకూడదు, దానికి వేరే సంచి తెమ్మనకూడదు, దాన్ని తీసుకోవడానికి ఇంకో గేటు దగ్గర నిలబడమనకూడదు. మీరు పాటని కొసరన్నారు. అంటూనే, వేదికకి దగ్గరగా నిలబడాలంటే గోల్డెన్ సర్కిల్ అని విడిగా డబ్బు కట్టమన్నారు. కొత్తిమీర ఉచితమే, ఆకులు కావాలంటే మాత్రం వేరే రేటు, కాడలు మీవే అన్నట్టుంది. పోనీ మాకు రేసొద్దు, పాట ఒక్కటే అమ్మండి అంటే అమ్మరు. అమ్మాయికి కార్లు తిరిగే యాభై ఎనిమిది ల్యాపులు ఎందుకు చెప్పండి? అది రేసప్పుడు కూర్చుని ఫోను చూసుకుంటుంది, నేను పాటప్పుడు చెవుల్లో దూది పెట్టుకుని నిలబడతాను, ఇద్దరం చెరోటికి రెండేసి టికెట్లు కొన్నట్టు.

ఇందులో మీ చుట్టాలూ తక్కువ వాళ్లు కాదు. సింగపూర్లో 2008 నుంచి రాత్రిపూట రేసు పెడుతున్నారు, ఫార్ములా వన్‌లో మొట్టమొదటి రాత్రి రేసు అదే, ఊరి మధ్య పడాంగ్ మైదానంలో పెద్ద వేదిక, చుట్టూ ట్రాకు. అక్కడా పాట టికెట్టులోనే ఉంటుంది గానీ ముందు జోన్లు నేర్చుకోవాలి. ఏ టికెట్టుకి ఏ జోను, ఏ జోనులో ఏ వేదిక, ఎవరు ఎక్కడిదాకా నడవొచ్చు. ఇదంతా కంఠతా పట్టేసరికి పంచాంగం చూడటం వచ్చేస్తుంది మనిషికి.

మాకు జోన్లు అలవాటు లేదండీ. కనుమ నాడు మా జగ్గన్నతోటకి రండి, మొసలపల్లి దగ్గర. పదకొండు ఊళ్ల రుద్రులు ప్రభల మీద, అంటే అలంకరించిన ఎత్తైన ఊరేగింపు కట్టడాల మీద, వస్తారు. 2023 రిపబ్లిక్ డే పరేడ్‌లో ఢిల్లీలో మన రాష్ట్ర శకటంగా తిరిగింది ఈ తీర్థమే, అంటే ఈ జాతరే. గంగలకుర్రు అగ్రహారం ప్రభని భుజాల మీద ఎత్తుకుని కౌశిక కాలవలో దిగి దాటిస్తుంటే, పీకల్లోతు నీళ్లలో కుర్రాళ్లు "హర హర" అంటుంటే, గట్టు మీద డప్పులు దద్దరిల్లుతుంటే, ఎవరి చేతికీ బ్యాండ్ ఉండదు, ఎవడూ స్కాన్ చేయడు. ప్రభలు పచ్చటి చేలల్లోంచే వెళ్తాయి, తొక్కారేమిట్రా అని రైతు అడగడు.

అలాగని మేమేదో సత్తెకాలపు వాళ్లమని గొప్పలు పోవడం లేదు. మా తీర్థాల్లోనూ రాత్రి స్టేజీ ప్రోగ్రాం ముందు వరసలో సోఫాలు వేస్తారు, తెల్ల గుడ్డలు కప్పి, ఒక్కోదాని ముందు కూల్‌డ్రింకు పెట్టి. అవి ప్రోగ్రాం సగం దాకా ఖాళీగానే ఉంటాయి, వెనకాల జనం కిక్కిరిసి నిలబడి ఉంటారు, పిల్లాడెవడైనా వెళ్లి కూర్చుంటే కమిటీ వాడొచ్చి లేపుతాడు. ఇక సంక్రాంతి కోడిపందేల బరుల దగ్గర గ్యాలరీలూ ఎల్‌ఈడీ తెరలూ ఎలాగూ వచ్చేశాయి. అంటే గోల్డెన్ సర్కిల్ మాకూ తెలుసన్నమాట. కాకపోతే మేము దాన్ని సోఫా అనే అంటాం, ఉచితం అనం.

ఇంకో సంగతి. మీ వంశంలో ఒక పాత కేసుంది, మరిచిపోయారేమో. అదే 2011లో మన మొదటి రేసు వారానికి జోడించి మెటాలికా అనే రాక్ బ్యాండ్ కచేరీ గుర్‌గావ్‌లో పెట్టారు, అక్టోబర్ 28న. జనం గేట్ల ముందు గంటల తరబడి నిలబడ్డారు, బారికేడ్ విరిగింది, భద్రత లేదు రేపు చూద్దామన్నారు, తర్వాత ఆ రేపు కూడా లేదన్నారు. కుర్రాళ్లు స్టేజీ ఎక్కి దొరికింది విరగ్గొట్టారు. విరగ్గొట్టడం తప్పే, కానీ ఆ గంటల తరబడి నిలబడటం ఏమిటో ఇప్పుడు డాబా మీద కాస్త తెలిసొచ్చింది. రెండు రోజుల తర్వాత అదే బ్యాండ్ బెంగళూరులో పాడి వెళ్లిపోయింది. ఆ ఆదివారమే రేసు తర్వాత పార్టీలో లేడీ గాగా పాడింది, అది పిలిచిన వాళ్లకే. ఆ రేసుకీ పన్ను గొడవ వచ్చింది చూశారా, ఇది ఆట కాదు వినోదం, వినోదపు పన్ను కట్టాల్సిందే అన్న వాదన కోర్టు దాకా వెళ్లింది. అప్పుడు నాకు కోపం వచ్చింది. డ్రైవర్లు ప్రాణాలు పణంగా పెట్టి తోలుతుంటే వినోదమంటారా అని మా ఊరి టీ కొట్టులో అరిచాను కూడా. ఇప్పుడు మీ పోస్టరు చూస్తే గాయకుడి ముఖం కారు కన్నా పెద్దగా ఉంది.

బావకి ఫోను చేసి టికెట్టు రాలేదని చెప్పాను. నవ్వాడు. ఆయన రేసు వారమంతా పనివాళ్ల బస్సు తోలతాడు, ఊరి నుంచి రేసు జరిగే యాస్ ద్వీపానికీ మళ్లీ వెనక్కీ. రాత్రి పాట అయిపోయేదాకా బస్సు బయట పార్కింగులో ఆపుకుని కూర్చోవాలి. "టికెట్టు నీకెందుకురా, నేను పోయినసారి ఆదివారం రాత్రంతా విన్నాను, గాలి ఇటు తిరిగినప్పుడల్లా మాటలతో సహా వినబడింది, తిరగనప్పుడు దరువొక్కటే" అన్నాడు.

ఆ మాటకి నాకు చిన్నప్పటి సంగతి గుర్తొచ్చింది. పక్కూరి తీర్థంలో బుర్రకథ పెడితే మా నాయనమ్మ వెళ్లలేక పెరట్లో నులకమంచం వేయించుకుని పడుకునేది. కాలవ అవతలి నుంచి గాలి వస్తే కథ, ఆగితే కప్పలు. "ఇప్పుడు వాడు ఏమన్నాడ్రా?" అని మధ్యమధ్యలో మమ్మల్ని అడిగేది, మాకూ వినపడలేదు కాబట్టి నోటికొచ్చింది చెప్పేవాళ్లం. పొద్దున్నకి ఆవిడ కథలో చచ్చిపోయినవాడు కూడా బతికి ఉండేవాడు.

అందుకని బావతో మాట్లాడుకున్నాం. డిసెంబర్లో ఆ రాత్రి ఆయన బస్సు కిటికీ తీసి ఫోను బయటికి పట్టుకుంటాడు, మేం డాబా మీద చాప వేసుకుంటాం. సిగ్నల్ ఉంటే పాట, లేకపోతే కప్పలు. అమ్మాయి మొదట మూతి ముడిచింది, ఇప్పుడు స్నేహితురాళ్లని కూడా పిలవనా అంటోంది. పిలవమన్నాను, చాప పెద్దదే. అయితే మా ఆవిడ అప్పుడే ఇంకో చిన్న దుప్పటి తెచ్చి ట్యాంకు పక్కన పరిచి ఇది నాది అంది, అక్కడ సిగ్నల్ బాగా వస్తుందట.

ఇట్లు,
18,413వ వాడు

తా.క.: నిన్న మీ దగ్గర్నుంచి డబ్బు తిరిగొచ్చింది, సంతోషం. కన్వీనియన్స్ ఫీజు మాత్రం తిరిగి ఇవ్వబోమని రాశారు. ఒంటికాలి మీద నిలబెట్టి, పిట్టగోడ ఎక్కించి, రెండు కొబ్బరి చిప్పలు కాకికి పెట్టించిన ఆ సౌకర్యం ఏమిటో కాస్త విడమరిచి రాస్తే, మా ఆవిడకి చూపించుకుంటాను.