సవరణ: బ్రయర్ పైపు తయారయ్యేది వేరుతో కాదు

చేత్తో చేసే పొగాకు పైపుల గురించి ఇంతకుముందు పెట్టిన పోస్టులో "బ్రయర్ వేరును నరికి, ఎండబెట్టి చెక్కుతారు" అన్న వాక్యం ఉంది. దాన్ని మార్చి చదువుకోండి.

వాడేది వేరు కాదు, కాండం కూడా కాదు. మధ్యధరా తీరంలో పెరిగే ఎరికా అర్బోరియా అనే పొదకి (బ్రయర్ అనేది దీన్నే), వేరూ కాండమూ కలిసే చోట నేలలో ఒక గట్టి బుడిపె పెరుగుతుంది. పైపుకి పనికొచ్చేది అదే. మంటకి తట్టుకునే గుణం దానికుంది కాబట్టే ఫ్రాన్స్‌లోని సెయింట్ క్లాడ్ ఊరి పనివాళ్లు 1850ల నుంచి దాన్ని పైపులకి వాడుతూ వచ్చారు.

"ఎండబెట్టి" అన్న మాట ఇంకా ముఖ్యం. తవ్వి తీసిన బుడిపెను ఎండలో పెడితే పగుళ్లిస్తుంది, ఇక చెత్తే. అందుకే కోసేదాకా తడిగానే ఉంచుతారు. కోసిన దిమ్మల్ని గంటల తరబడి నీళ్లలో ఉడికిస్తారు. లోపలి వగరు, జిగురు అప్పుడే దిగిపోతాయి. అది దిగకపోతే పొగ చేదెక్కుతుంది. ఆ తర్వాత నీడలో, నెలల తరబడి, నిదానంగా ఆరనిస్తారు. కొందరు ఏళ్లు ఆగుతారు. చెక్కేవాడి నైపుణ్యాన్ని మనం మెచ్చుకుంటాం కానీ, సగం పని ఈ ఉడకబెట్టేవాళ్ల దగ్గరే అయిపోతుందని నా అభిప్రాయం.

డ్రిల్లింగ్ గురించి రాసిన భాగంలో మార్పు లేదు: పొగ వచ్చే సన్నటి రంధ్రం, పొగాకు నింపే గిన్నె అడుగునే కలవాలి. పైకి కలిస్తే అడుగున పొగాకు కాలకుండా తడిగా మిగిలిపోతుంది.