ఆ మెసేజ్ ఆమెకు పంపకండి

ఈ వారంలో నలుగురు స్నేహితులు నాకు ఒకటే మెసేజ్ పంపారు. "మెదడులో మనం వాడేది పది శాతమే. చీమకు మనిషి అర్థం కానట్టే మనిషికి దేవుడు అర్థం కాడు. ఐన్‌స్టీన్ కూడా నమ్మాడు. మన బుద్ధికి హద్దుందని గోడెల్ నిరూపించాడు. జరిగేదంతా ఆయన సంకల్పమే, ఎందుకని అడగకండి." ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

పది శాతం మాట శుద్ధ అబద్ధం. ఒంటి బరువులో రెండు శాతమున్న మెదడు ఒంటికి అందే శక్తిలో ఐదో వంతు వాడుకుంటుంది. గణిత శాస్త్రజ్ఞుడు గోడెల్ 1931లో తేల్చింది గణిత వ్యవస్థల సంగతి, అందులో దేవుడి ఊసే లేదు. ఐన్‌స్టీన్ 1929లో తత్వవేత్త స్పినోజా చెప్పిన దేవుణ్ణి, అంటే సృష్టిలోని క్రమంలో కనిపించే దేవుణ్ణి, నమ్ముతానన్నాడు. మనుషుల తలరాతలు పట్టించుకునే దేవుణ్ణి కాదని కూడా అదే వాక్యంలో అన్నాడు. ఆ సగం ఎందుకు కోసేశారు?

చీమకు మనిషి అర్థం కాడు, నిజమే. కానీ ఒక చీమ లేచి "మనిషి మనసులో ఉన్నది ఇదీ" అని తోటి చీమలకు చెప్తే నమ్ముతారా? దేవుడు అర్థం కాడన్న నోటితోనే ఆయన సంకల్పం ఇదని ఎలా చెప్తున్నారు?

నన్ను కాల్చేసింది ఆ చివరి ముక్కే. ఐదేళ్ల కొడుకు పోయిన తల్లికి ఎవరో ఇదే పంపారు. నేను పక్కనే ఉన్నాను. ఒళ్లో ఉతికి మడతపెట్టిన చిన్న చొక్కా. ఫోన్ చదివి నన్నే అడిగింది, "అయితే నా బిడ్డ పోవాలనే దేవుడు అనుకున్నాడా?" అని. పంపినవాళ్లు వచ్చి చెప్పండి జవాబు! అడగొద్దట. మశూచినీ ఒకప్పుడు దైవకోపమే అన్నారు. పాలు పితికేవాళ్లకు అది ఎందుకు సోకడం లేదని జెన్నర్ అనే వైద్యుడు ఆరా తీయబట్టి 1796లో టీకాకు దారి పడింది. 1980లో ఆ జబ్బు ప్రపంచంలోనే లేదని ప్రకటించారు. అడగకపోతే ఎందరు తల్లులు ఇలా చొక్కాలు పట్టుకుని కూర్చోవాల్సి వచ్చేదో.

ఒకటి మాత్రం ఒప్పుకుంటాను. ఆ పిల్లాడు ఐసీయూలో ఉన్న రాత్రి తలుపు బయట నేనూ చేతులు జోడించాను. ఎవరికో నాకే తెలియదు, కానీ తెల్లారేదాకా నన్ను నిలబెట్టింది అదే. కాబట్టి నమ్మకం మీద నాకు కోపం లేదు. ఋగ్వేదంలోని నాసదీయ సూక్తం కూడా సృష్టి ఎలా పుట్టిందో పైనున్నవాడికి తెలుసో, ఆయనకూ తెలియదో అంటూ ముగుస్తుంది. తెలియదనడానికి వాళ్లు సిగ్గుపడలేదు.

ఆమె ప్రశ్నకు నా దగ్గరా జవాబు లేదు. "తెలియదమ్మా" అని చొక్కా మీదున్న ఆమె చేయి పట్టుకుని కూర్చున్నాను. దయచేసి ఆ మెసేజ్ ఆమెకు మళ్లీ పంపకండి.