సేవ్ అయిందంటుంది, దేనికో చెప్పదు!

ప్రొజెక్టర్‌లో బ్రైట్‌నెస్‌తో నలుపు, కాంట్రాస్ట్‌తో తెలుపు సరిచేసి, కలర్ టెంపరేచర్‌ని, అంటే తెలుపు పసుపువైపో నీలంవైపో మొగ్గే తీరుని, 6500 కెల్విన్ దగ్గరికి తెచ్చి, యూజర్ మెమరీలో సేవ్ చేస్తాను. మర్నాడు సెట్‌టాప్ బాక్స్ నుంచి స్ట్రీమింగ్ స్టిక్‌కి మారగానే మొహాలన్నీ పసుపు పూసుకున్నట్టు కనిపిస్తాయి. చాలా ప్రొజెక్టర్లు కేబుల్ గుచ్చే ఒక్కో హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్‌కి ఒక్కో సెట్టింగ్ విడిగా దాచుకుంటాయి మరి. వెలుగునీడల తేడా ఎక్కువగా చూపించే హెచ్‌డీఆర్ సినిమా పెడితే దానికి మళ్లీ ఇంకో సెట్టింగ్. ఈ సంగతి మెనూలో ఎక్కడైనా రాశారా? "సేవ్ అయింది" అని మాత్రం చూపిస్తారు. దేనికి సేవ్ అయిందో చెప్పొద్దా?

పైగా మా కావలిలో ఎండాకాలం కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు. సరిచేస్తుండగా పోయిందంటే మళ్లీ మొదటికే.

నెల్లూరులో కొన్న షాపువాళ్లని అడిగితే, "డైనమిక్ మోడ్‌లో పెట్టేయండి సార్, వెలుగు బాగా వస్తుంది" అంటారు. వెలుతురున్న గదికైతే సరే. చీకటి చేసుకున్న గదిలో ఆ మోడ్ పెడితే తెలుపు తెలుపులా ఉండదు, సినిమా తీసినవాళ్లు ఎంచుకున్న రంగులే మారిపోతాయి. అది వెలుగెలా అవుతుంది? బల్బు ప్రొజెక్టర్లకి వాడేకొద్దీ కాంతి తగ్గుతుంది, అంటే ఈ సవరింపులు మళ్లీ మళ్లీ చేసుకోవాల్సిందే. అలాంటప్పుడు "అన్ని ఇన్‌పుట్‌లకీ ఇదే" అనే బటన్ ప్రతి ప్రొజెక్టర్‌లోనూ పెట్టడానికి ఏం అడ్డమొచ్చింది?