సీటు వేషంలో నమ్మకం

డ్రైవర్ లేని కారును నేను నమ్మను. ఎందుకంటే నేను గొప్ప డ్రైవర్ని. ఇది నా గొప్ప కాదు, అందరిదీ అదే మాట. ఓలా స్వెన్సన్ అనే స్వీడన్ పరిశోధకుడు 1981లో ప్రచురించిన సర్వేలో అమెరికన్ విద్యార్థుల్లో 93 శాతం మంది తమ డ్రైవింగ్ నైపుణ్యాన్ని పై సగంలో వేసుకున్నారు. సగంలో 93 శాతం ఎలా పడతారని లెక్కల మాస్టార్లు గొణుగుతారు. వాళ్లకి డ్రైవింగ్ గురించి ఏం తెలుసు?

ఇంతమంది ఉద్దండులు నడుపుతుండగా ప్రపంచంలో ఏటా దాదాపు 11.9 లక్షల మంది రోడ్డు ప్రమాదాల్లో చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మిగతా ఆ 7 శాతం వాళ్ల నిర్వాకమే అయ్యుండాలి.

అలాంటి మన నమ్మకం కోసం కంపెనీలు పడే పాట్లు చూస్తే జాలేస్తుంది. 2018లో జాగ్వార్ ల్యాండ్ రోవర్ డ్రైవర్ లేని బండికి రెండు పెద్ద కనుగుడ్లు తగిలించింది. రోడ్డు దాటేవాడి వైపు అవి తిరుగుతాయి, నిన్ను చూశానులే అన్నట్టు. నిజానికి చూసేది సెన్సర్లు. కళ్లు మన తృప్తికి.

అంతకు ముందు ఏడాది ఫోర్డ్ ఇంకా ముందుకెళ్లింది. విండ్‌షీల్డ్ పైన లైట్లు వెలిగించి, బండి మనసులో మాట దారిన పోయేవాళ్లకి అర్థమవుతుందా అని వర్జీనియా టెక్ పరిశోధకులతో కలిసి పరీక్ష పెట్టింది. దానికి ఖాళీగా కనిపించే బండి కావాలి. అందుకని డ్రైవర్‌కి సీటు వేషం వేసి కూర్చోబెట్టారు! యంత్రాలు మనుషుల్లా నటిస్తాయని భయపడుతుంటే, ఇక్కడ మనిషి సీటులా నటించాడు. ఆ ఉద్యోగానికి ఇంటర్వ్యూలో ఏమడిగారో తెలుసుకోవాలనుంది.

ఇంత కష్టపడ్డాక నమ్మకం రాదా? వస్తుంది. వస్తే పూర్తిగా వస్తుంది, అదీ చిక్కు. 2018 మార్చిలో ఆరిజోనాలోని టెంపేలో ఊబర్ పరీక్ష కారు రోడ్డు దాటుతున్న మహిళను గుద్ది చంపింది. 5.6 సెకన్ల ముందే ఆమెను పసిగట్టింది కానీ కారా, సైకిలా, ఇంకేదైనానా అన్నది తేల్చుకోలేకపోయింది. బండి ఊరికే కుదుపులివ్వకూడదని అత్యవసర బ్రేకును ముందే ఆపి ఉంచారు. కాపలాగా కూర్చున్న మనిషి చూపు ఫోన్ మీద ఉంది. ఇందులో నవ్వడానికి నాకేమీ దొరకలేదు.

నా సంగతికొస్తే, నాకు కాస్త గురి కుదిరింది 2024లో. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక పార్కింగ్ స్థలంలో వేమో అనే కంపెనీ వాళ్ల డ్రైవర్ లేని కార్లు తెల్లవారుజామున నాలుగింటికి ఒకదాని మీద ఒకటి హారన్లు కొట్టుకుని చుట్టుపక్కల వాళ్లని నిద్రలేపాయి. ఒక్క బండిలోనూ మనిషి లేడు. తీరా మనవాళ్లే అనిపించే సమయానికి, సాఫ్ట్‌వేర్ సరిచేశామని కంపెనీ ప్రకటించింది.