రాబడి లేని ఏడాది ఖర్చులు
రాబడి లేని ఏడాదిలో స్వయం ఉపాధి ఖర్చులను పన్ను లెక్కల్లో చూపకూడదన్న ఒక వ్యాసకర్త అభిప్రాయంతో ఏకీభవించలేను. అమెరికా పన్ను చట్టం ముందుగా చూసేది డబ్బు వచ్చిందా అని కాదు, లాభం ఉద్దేశంతో వ్యాపారం నిజంగా మొదలైందా అని. మొదలై, క్లయింట్ల కోసం ప్రయత్నాలు సాగుతున్నట్లయితే, ఒక్క డాలరు రాకపోయినా షెడ్యూల్ సి (స్వయం ఉపాధి లాభనష్టాలు చూపే పన్ను పత్రం) లో ఖర్చులు రాసి, ఆ నష్టాన్ని సాధారణంగా జీతం వంటి ఇతర ఆదాయంలోంచి తగ్గించుకోవచ్చు. ప్రారంభానికి ముందు పెట్టిన ఖర్చుల దారి వేరు: వ్యాపారం మొదలైన ఏడాది 5,000 డాలర్ల వరకు ఆదాయంలోంచి తీసేసుకుని (ఆ ఖర్చుల మొత్తం 50,000 డాలర్లు దాటితే ఈ పరిమితి తగ్గుతూ పోతుంది), మిగిలినదాన్ని 180 నెలలకు పంచుకోవాలి. నా డిజైన్ పనికి మొదటి ఏడాది ఒక్క ఇన్‌వాయిస్ కూడా లేదు. పంపిన ప్రతిపాదనలను, సాఫ్ట్‌వేర్ రశీదులను తేదీలవారీగా భద్రపరిచినందువల్లే అది కాలక్షేపం కాదని నా పన్ను సలహాదారుకు చూపగలిగాను.