సున్నా టీడీఎస్ వీరులకు నీళ్ళ మీటరంటే భయమెందుకు?

కిటికీ అద్దాలు కడిగే వ్యాపారస్తుడి జేబులో ఒక టీడీఎస్ మీటర్, అంటే నీళ్ళలో కరిగిన లవణాలను కొలిచే పరికరం, ఉంటుంది. పది లక్షల పాళ్ళ నీళ్ళలో కరిగిన లవణం ఒక్క పాలు ఉన్నా అది పట్టేస్తుంది. అంకె సున్నా చూపిస్తే ఆయన మొహం వెలిగిపోతుంది. పది దాటిందా, బీపీ కూడా దాంతోపాటే పెరుగుతుంది. ఇంత నిష్ఠాపరుణ్ణి పట్టుకుని "ఇంతకీ రోజుకు ఎన్ని లీటర్లు వాడతారండీ?" అని అడిగి చూడండి. నీళ్ళు నములుతాడు. "ఏదో ఒక ట్యాంకు... మరీ ఎక్కువేం కాదు" అంటాడు. ఆ ట్యాంకు ఐదొందల లీటర్లది. అంటే వ్యాను వీపున అర టన్ను. మరీ ఎక్కువో కాదో ఆ వ్యాను టైర్లను కూడా ఒక మాట అడగాలి.

అందుకే కొళాయి కనెక్షనుకు మీటరు పెట్టించుకోవాలా, నెలకింత అని కట్టే స్థిర బిల్లుతోనే ఉండిపోవాలా అన్న ప్రశ్న ఈ వృత్తిలో ధర్మసందేహం స్థాయికి చేరింది. దీన్ని తీర్చాల్సిన బాధ్యత, ఎవరూ అప్పగించకపోయినా, నేను తీసుకుంటున్నాను.

ముందు వర్గాలు తెలియాలి. మొదటిది బకెట్ వర్గం. ఇటలీ నుంచి అమెరికా వలస వెళ్ళిన ఎటోరీ స్టెక్కోనే 1936లో పేటెంటు తీసుకున్న ఇత్తడి వైపరుకు వీళ్ళు వారసులు. రెండు బకెట్ల నీళ్ళు, కాస్త సబ్బు, భుజం మీద గుడ్డ. వీళ్ళకు మీటరు లాభమే. కానీ వాడేదే అంత తక్కువ కాబట్టి ఆ ఆలోచనే రాదు. రెండోది పోల్ వర్గం. నేల మీద నిలబడే మూడో అంతస్తు అద్దం కడుగుతారు. పొడవాటి పోల్, కొసన బ్రష్, దాంట్లోంచి నిమిషానికి లీటరో రెండు లీటర్లో శుద్ధజలం. ఆ నీళ్ళలో లవణాలు లేవు కాబట్టి తుడవక్కర్లేదు, ఆరినా మచ్చ పడదు. గొడవంతా ఈ వర్గంతోనే.

శుద్ధజలం ఆకాశం నుంచి ఊడిపడదు కదా. (నిజానికి వాన రూపంలో పడుతుంది, పట్టుకుని వడకట్టి వాడుకోవచ్చు కూడా. కానీ అంత తేలికైన పరిష్కారాన్ని ఇంత గంభీరమైన చర్చలోకి తేవడం మర్యాద కాదు.) కొళాయి నీళ్ళు ఆర్వోలోంచి, అంటే లవణాలను వడకట్టే యంత్రంలోంచి, వెళ్ళాలి. ఆర్వో సగం ఇస్తుంది, సగం కాలువకు పంపుతుంది. అదీ బుద్ధిగా పనిచేసినప్పుడు. నీళ్ళ ప్రెషర్ తగ్గినా, చలికాలంలో నీళ్ళు గడ్డకట్టేంత చల్లగా వచ్చినా, దాంట్లోని మెంబ్రేన్ (వడపోత పొర) పూడుకుపోయినా, లీటరు మంచినీళ్ళకు రెండు మూడు లీటర్లు పారబోస్తుంది. సగానికి సగం అనే మంచి లెక్కే వేసుకున్నా, ఐదొందల లీటర్ల ట్యాంకుకు కొళాయి నుంచి లాగేది వెయ్యి లీటర్లు. మీటరు భాషలో ఒక ఘనపు మీటరు. సరిగ్గా ఒక్క యూనిట్! ప్రకృతి ఇంత గుండ్రటి అంకె చేతిలో పెట్టినా లెక్క రాసుకోకపోవడానికి చాలా పట్టుదల కావాలి.

స్థిర బిల్లులో ఈ పట్టుదలకు చక్కటి రక్షణ ఉంది. ఆ కాలువ పాలైన ఐదొందల లీటర్లు తిలాపాపం తలా పిడికెడు చొప్పున ఊరందరి బిల్లులోకీ సర్దుకుంటాయి. పైగా కనెక్షన్ ఇంటి పేరు మీద ఉందనుకోండి, వ్యాపారానికి వేరే నిబంధనలు ఉండొచ్చన్న ఊహే ఇంటి గడప తొక్కదు. ఎవరైనా అడిగితే, మా ఇంట్లో స్నానాలు కాస్త ఎక్కువ. అంతే.

మీటరుకు వ్యతిరేకంగా వినిపించే వాదాల్లో నన్ను కదిలించింది ఒకటే: "మీటరు పెడితే బిల్లు పెరుగుతుంది." పెరుగుతుంది. అందులో అబద్ధం లేదు. వాడినదానికి కట్టమంటే, వాడినవాడికి పెరగక ఎవరికి పెరుగుతుంది? అయినా డీజిలు లీటర్లలో లెక్క తెలుసు, కూలి గంటల్లో లెక్క తెలుసు. ఏ సరుకు అమ్ముకుని బతుకుతున్నామో ఆ సరుకు మాత్రం దైవాధీనం. ఒక కిటికీకి నీళ్ళ ఖర్చెంతో తెలియకుండా కొటేషన్ ఇచ్చే ధైర్యం చూస్తే ముచ్చటేస్తుంది.

ఇక ఫ్లోట్ వాల్వ్ సంగతి. ట్యాంకు నిండగానే నీళ్ళు ఆపేస్తుందని దాన్ని నమ్మి రాత్రి ఆర్వో ఆన్ చేసి పడుకుంటారు. అది ఏదో ఒక రాత్రి ఇరుక్కుంటుంది. తెల్లారి చూస్తే పెరట్లో సున్నా టీడీఎస్ చెరువు. స్థిర బిల్లు ఉన్నవాడు "అయ్యో" అనుకుని టీ తాగుతాడు. మీటరున్నవాడు వారంలోగా టైమర్ కొంటాడు. మీటరు ఆదా చేస్తుందని కాదు నేను చెప్పేది. అవమానిస్తుంది. ఆదా చేసుకోవడం ఆ తర్వాత మనకే వస్తుంది. ఆర్వో పారబోసే రిజెక్ట్ నీళ్ళలో ఉప్పు కొళాయి నీళ్ళకు ఇంచుమించు రెట్టింపే కదా, వ్యాను కడగడానికో టాయిలెట్ ఫ్లష్‌కో పనికొస్తాయన్న జ్ఞానోదయం కూడా యూనిట్లు తిరగడం చూసిన తర్వాతే.

అసలు మీటరే వద్దనే పిరికివాళ్ళకు మధ్యేమార్గం ఉంది. ఆర్వోకు వెళ్ళే పైపుకు ఒక చిన్న సబ్ మీటర్ బిగించుకుని, నెల రోజులు ఎవరికీ చెప్పకుండా చూసుకోవడం. ఆ అంకెను యూనిట్ రేటుతో గుణించి స్థిర బిల్లు పక్కన పెడితే ధర్మసందేహం అక్కడే తీరుతుంది. ఇంత చవగ్గా తీరిపోతే వాదించుకోవడానికి ఏం మిగులుతుందన్నదే ఆ పద్ధతిలో లోపం.

చివరిగా మురుగు చార్జీ. చాలాచోట్ల మీటరులో ఎంత నీళ్ళు వచ్చాయో అంత మురుగు బయటికి వెళ్ళిందనుకుని దానికీ డబ్బు వేస్తారు. మన నీళ్ళలో సగం అద్దాల మీద ఆరిపోతాయి, గోడల మీదుగా మట్టిలోకి ఇంకుతాయి. మురుగు కాలువ ముఖమే చూడవు. కాబట్టి తగ్గింపు అడగొచ్చు. అడగాలంటే అంకెలు కావాలి, అంకెలు కావాలంటే మీటరు కావాలి. అన్నీ పట్టుకుని దరఖాస్తు పెడితే, "ఆ నీళ్ళు అద్దం మీదే ఆరిపోయాయని సాక్ష్యం ఏమిటి?" అని అడుగుతారు. ఒక్క మచ్చ కూడా మిగల్చలేదన్నదే మన వ్యాపారానికి ఉన్న గొప్ప పేరాయె, సాక్ష్యం ఎక్కణ్ణించి తెస్తాం?